సకాగవియా కొడుకు పెరిగిన ఊరు

మా సెయింట్ లూయిస్‌కు ఎవరొచ్చినా ముందు ఆర్చ్ చూపిస్తాం. మిస్సిస్సిపి ఒడ్డున నిలిచిన ఆ ఉక్కు తోరణం, అమెరికా పడమటి దిక్కుకు విస్తరించినదానికి గుర్తు. దానికి కూతవేటు దూరంలోనే పాత కెథడ్రల్ ఉంది. ఇప్పటి రాతి భవనం 1834లో పూర్తయింది. అంతకుముందు ఆ స్థలంలో దుంగలతో కట్టిన చర్చి ఉండేది. 1809 డిసెంబర్ 28న అక్కడ ఒక పిల్లవాడికి జ్ఞానస్నానం జరిగింది. ఊరిని స్థాపించినవారిలో ఒకడైన ఆగస్ట్ షూటో జ్ఞానతండ్రిగా, ఆయన కూతురు యులలీ జ్ఞానతల్లిగా నిలబడ్డారు. పిల్లవాడి పేరు జాన్ బాప్టిస్ట్ షార్బొనో. అయిదేళ్లు నిండబోతున్నాయి. తండ్రి పేరు రిజిస్టరులో ఉంది. తల్లి పేరు రాయాల్సిన చోట స్నేక్ తెగ స్త్రీ అన్న మాటే ఉంది. ఆ తల్లి సకాగవియా.

పడమటి సముద్రం దాకా సాగిన లూయిస్, క్లార్క్‌ల యాత్రలో ఆమె చేసిన సాయం ఇక్కడి పిల్లలు బడిలోనే చదువుకుంటారు. ఆ యాత్రలో ఆమె గడిపింది దాదాపు పదహారు నెలలే. ఆమె సంసారం ఏమైందో చెప్పే కాగితాలు చాలావరకు మా ఊరివి. అందుకే ఆ సంగతి మా ఊరి చరిత్ర కూడా అంటాను.

సకాగవియా 1788 ప్రాంతంలో, ఇప్పటి ఐడహో రాష్ట్రంలోని లెమ్హై లోయలో స్నేక్‌లని కూడా పిలిచే షొషోనీల ఇంట పుట్టింది. పన్నెండేళ్ల వయసులో, మిస్సోరి నది పుట్టే త్రీ ఫోర్క్స్ దగ్గర హిడాట్సా తెగవాళ్లు దాడి చేసి ఆమెను ఎత్తుకుపోయారు. నార్త్ డకోటాలోని నైఫ్ నది ఒడ్డు పల్లెల్లో తూసాన్ షార్బొనో అనే ఫ్రెంచ్ కెనడియన్ వ్యాపారి ఆమెను భార్యగా తెచ్చుకున్నాడు. కొన్నాడని కొందరు, పందెంలో గెలిచాడని కొందరు అంటారు. ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు. అప్పటికే అతనికి మరో షొషోనీ భార్య ఉంది. 1805 ఫిబ్రవరి 11న, యాత్ర బృందం చలికాలం గడుపుతున్న ఫోర్ట్ మాండన్‌లో సకాగవియాకు మగబిడ్డ పుట్టాడు. రెండు నెలలైనా నిండని ఆ పసివాణ్ణి వెంటబెట్టుకుని ఏప్రిల్ 7న ఆమె ప్రయాణం కట్టింది.

ఆ ఏడాది ఆగస్టు 14న షార్బొనో భార్యపై చెయ్యి చేసుకుంటే క్లార్క్ గట్టిగా మందలించాడు. మూడు రోజులకు ఆమె సొంత జనం ఎదురయ్యారు. వాళ్ల నాయకుడు కమియావెయిట్ ఆమె అన్నే. ఆనందం ఎంతోసేపు నిలవలేదు. అన్నదమ్ములిద్దరూ, చనిపోయిన పెద్దక్క కొడుకూ తప్ప ఇంట్లో ఎవరూ మిగల్లేదని తెలిసింది. ఆ పిల్లవాణ్ణి అక్కడికక్కడే తన కొడుకుగా చేసుకుంది. చిన్నప్పుడు ఆమెను ఎవరికి ఇస్తామని మాట ఇచ్చారో ఆ మనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఇంకొకరి బిడ్డను కన్నది కనుక నాకొద్దన్నాడు. పుట్టిల్లు దొరికిన కొద్ది రోజులకే ఆమె దాన్ని వదిలి సముద్రం వైపు కదిలింది.

1806 ఆగస్టు 17న, తిరుగుదారిలో, యాత్ర ఆ కుటుంబాన్ని నైఫ్ నది పల్లెల్లో దింపింది. షార్బొనోకు 500 డాలర్లపైన జీతం ముట్టింది. ఆమెకు చిల్లిగవ్వ రాలేదు. ఆమెకు అంతకన్నా పెద్ద ప్రతిఫలం దక్కాల్సిందని మూడు రోజుల తర్వాత షార్బొనోకు రాసిన ఉత్తరంలో క్లార్క్ స్వయంగా ఒప్పుకున్నాడు. పిల్లవాణ్ణి తనకిస్తే సొంత బిడ్డలా పెంచుతానన్నాడు. పాలు మాన్పించాక చూద్దామన్నారు తల్లిదండ్రులు.

అలా 1809లో ఆ కుటుంబం మా ఊరికి చేరింది. 1810 అక్టోబరులో షార్బొనో సెయింట్ ఫెర్డినాండ్ ప్రాంతంలో, మిస్సోరి ఒడ్డున, క్లార్క్ దగ్గర భూమి కొన్నాడు. అయిదు నెలలకే దాన్ని 100 డాలర్లకు క్లార్క్‌కే తిరిగి అమ్మేశాడు. 1811 వసంతంలో భార్యాభర్తలు బొచ్చు వ్యాపారి మాన్యుయెల్ లీసా పడవలో ఎగువకు వెళ్లిపోయారు. షార్బొనో భార్య జబ్బుపడిందనీ, సొంత నేలకు పోవాలని తపిస్తోందనీ అదే పడవలో వెళ్లిన హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్ రాశాడు. ఆరేళ్ల కొడుకు ఇక్కడే ఉండిపోయాడు. మన తాతల కాలంలో పల్లెటూరి పిల్లల్ని పట్నంలో చుట్టాలింట ఉంచి చదివించడం మామూలే. కానీ ఆ పిల్లలు సెలవులకు అమ్మ దగ్గరికి పోగలిగేవారు. ఈ తల్లీబిడ్డల మధ్య వెయ్యి మైళ్లకు పైబడిన నది ఉంది.

1812 డిసెంబర్ 20న, ఇప్పటి సౌత్ డకోటాలోని ఫోర్ట్ మాన్యుయెల్‌లో గుమాస్తా జాన్ లటిగ్, షార్బొనో భార్య జ్వరంతో చనిపోయిందని దినచర్యలో రాసుకున్నాడు. వయసు సుమారు పాతికేళ్లు ఉంటుందనీ, ఒక ఆడశిశువును వదిలిపోయిందనీ రాశాడు గానీ పేరు రాయలేదు. 1813 ఆగస్టులో మా ఊరి కోర్టు కాగితాల్లో ఏడాది వయసున్న లిజెట్, తండ్రి పేరే ఉన్న పదేళ్ల తూసాన్ అనే ఇద్దరు షార్బొనో పిల్లలకు గార్డియన్‌గా మొదట లటిగ్ పేరు రాసి, కొట్టేసి, క్లార్క్ పేరు చేర్చారు. తండ్రి కూడా పోయాడనుకున్నారు. అతను ఆ తర్వాత పాతికేళ్లు బతికాడు. లిజెట్ పేరు కాగితాల్లో మళ్లీ గట్టిగా కనిపించదు. క్లార్క్ 1820 ఖర్చుల లెక్కల్లో మాత్రం బాప్టిస్ట్, తూసాన్ ఇద్దరి చదువుకూ డబ్బు కట్టినట్టు ఉంది.

ఆ చదువు బాప్టిస్ట్‌ను చాలా దూరం తీసుకుపోయింది. 1823లో వుర్టెంబర్గ్ రాకుమారుడు పాల్ విల్హెల్మ్ అతన్ని కలిసి యూరప్ తీసుకెళ్లాడు. ఆరేళ్ల తర్వాత నాలుగు యూరప్ భాషలు నేర్చి తిరిగొచ్చి, అడవుల్లో బొచ్చు వ్యాపారం చేశాడు, సైన్యానికి దారి చూపాడు, కాలిఫోర్నియా బంగారం వేటకూ వెళ్లాడు. 1866లో ఆరెగాన్‌లో కన్నుమూశాడు.

వయోమింగ్‌లోని విండ్ రివర్ షొషోనీల పెద్దలు ఈ కథను వేరేగా చెబుతారు. భర్తను విడిచిపోయిన సకాగవియా కొమాంచీల మధ్య బతికి, చివరికి తన జనం దగ్గరికి చేరి, 1884లో చనిపోయిందని వాళ్ల నమ్మకం. అక్కడ ఆమెను చూసుకున్న బేజిల్, ఆమె దత్తత తీసుకున్న అక్క కొడుకేనంటారు. 1820ల చివర్లో క్లార్క్ ఆమె పేరు పక్కన చనిపోయింది అని రాసుకున్నాడు. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆ మాటనూ లటిగ్ రాతనూ నమ్ముతారు. నేనూ అటే మొగ్గుతాను. అయినా ఈ వాదానికి చోటిచ్చింది షొషోనీలు కాదు. ఆమెను భర్త చాటున తప్ప చూడని రాతగాళ్లు.

2000లో వచ్చిన డాలరు నాణెం మీద ఆమె వీపున బిడ్డ ఉన్నాడు. ఆ బిడ్డను పెంచింది మా ఊరు, చదివించింది మా ఊరు. అందుకు గర్వపడటం సబబే. కానీ క్లార్క్‌కు ఇక్కడి బెల్‌ఫౌంటెన్ శ్మశానంలో స్మారకం కట్టుకున్న మనం, ఆయన సంరక్షణలో పెరిగిన పిల్లవాడి తల్లిని దారి చూపిన మనిషిగానే తలుచుకుంటే సరిపోదు. ఎత్తుకుపోయిన బాల్యం, పేరైనా రాయించుకోలేని కాపురం, నదికి ఆ చివర ఉండిపోయిన బిడ్డ కూడా ఆమె చరిత్రే. దానికి రుజువులు మన దగ్గరున్నాయి కాబట్టి, చెప్పాల్సిన బాధ్యతా మనదే.