హెచ్.ఐ.వి. రోగులలో సహసంక్రమణ, చిత్తవైకల్యం

హెచ్.ఐ.వి. సోకిన వ్యక్తి శరీరంలో అదే సమయంలో మరొక వైరస్ కూడా ఉండటాన్ని సహసంక్రమణ అంటారు. చిత్తవైకల్యం, అనగా డిమెన్షియా, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనావేగం క్షీణించి దైనందిన జీవితం కుంటుపడే స్థితి. హెచ్.ఐ.వి. ఒక్కటే దీనిని కలిగించగలదు. అయితే హెపటైటిస్-సి, సైటోమెగాలో వైరస్, జె.సి. వైరస్ వంటివి తోడైనపుడు మెదడుకు హాని జరిగే మార్గాలు పెరుగుతాయి. వీటిలో కొన్నింటికి చికిత్స కలదు. కనుక మతిమరుపు కనబడగానే దానిని హెచ్.ఐ.వి. ఖాతాలోనో, వయసు ఖాతాలోనో వేయడం ప్రమాదకరం.

మెదడులో హెచ్.ఐ.వి.

ఈ వైరస్ శరీరంలో ప్రవేశించిన కొద్ది వారాలలోపే మెదడును చేరుతుంది. రక్తానికీ మెదడుకూ నడుమనున్న అడ్డుగోడను ప్రధానంగా తాను ఆక్రమించిన తెల్లరక్తకణాలలో దాగి దాటుతుంది. విశేషమేమంటే, ఆలోచనకు ఆధారమైన నాడీకణాలలో ఇది కాపురం పెట్టదు. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా, మాక్రోఫేజ్ కణాలలో స్థిరపడుతుంది. అవి వెలువరించే వాపు రసాయనాల వలన పొరుగునున్న నాడీకణాలు దెబ్బతింటాయి. కావలివాని కర్ర ఇంటివారికే తగిలినట్లన్నమాట.

ఈ వ్యాధిని నేవియా, జోర్డాన్, ప్రైస్ అను వైద్యులు 1986లో వివరించారు. 1996 నుండి మిశ్రమ ఔషధ చికిత్స వ్యాపించడంతో తీవ్రమైన చిత్తవైకల్యం బాగా తగ్గింది. స్వల్ప లోపాలు మాత్రం మిగిలాయి. 2010లో అమెరికాలో 1,555 మందిపై ప్రచురితమైన చార్టర్ అధ్యయనంలో సుమారు 52 శాతం మందికి పరీక్షలలో ఏదో ఒక లోపం కనబడగా, చిత్తవైకల్యం సుమారు 2 శాతం మందిలోనే ఉంది. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన మెదడు దెబ్బతిన్నట్లు కాదని 2023లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం స్పష్టం చేసింది.

హెపటైటిస్-సి

రెండు వైరస్‌లూ రక్తం ద్వారా, ముఖ్యంగా ఒకరు వాడిన సూదిని మరొకరు వాడటం వలన వ్యాపిస్తాయి. అందుకే మణిపూర్‌లో సూదులతో మాదకద్రవ్యాలు తీసుకునే వారిలో ఈ జంట సంక్రమణ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో హెచ్.ఐ.వి. ప్రధానంగా లైంగిక సంపర్కం వలన వ్యాపించినందున ఇక్కడి పరిస్థితి వేరు.

హెపటైటిస్-సి మెదడును రెండు విధాల బాధిస్తుంది. కాలేయం చెడినపుడు అమోనియా వంటి విషపదార్థాలు రక్తంలో పేరుకొని మతి తప్పిస్తాయి. ఇది కాక, వైరస్ వలన కలిగే నిరంతర వాపు కూడా మెదడుపై ప్రభావం చూపుతుందని కొన్ని అధ్యయనాలు తెలిపాయి. కాని ఇందులో ఏకాభిప్రాయం లేదు. కాలేయం అంతగా చెడని వారిలో హెపటైటిస్-సి వలన అదనపు లోపమేమీ కనబడలేదని చార్టర్ బృందమే 2015లో ప్రకటించింది. పైగా మద్యం, మాదకద్రవ్యాలు, పోషకాహార లోపం, పేదరికం ఈ రోగులలో కలగలిసి ఉంటాయి. వాటినుండి వైరస్ పాత్రను విడదీయడం సులభం కాదు.

ఇతర వైరస్‌లు

జె.సి. వైరస్ పెద్దలలో చాలామంది శరీరంలో నిద్రాణంగా ఉంటుంది. రోగనిరోధక శక్తి కుంగినపుడు మేల్కొని మెదడులోని తెల్లపదార్థాన్ని నాశనం చేస్తుంది. వారాలలోనే మాట తడబాటు, ఒకవైపు బలహీనత, చూపులోపం ఏర్పడతాయి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. హెచ్.ఐ.వి. మందులతో రోగనిరోధక శక్తిని తిరిగి నిలబెట్టడమే ఉపాయం. సైటోమెగాలో వైరస్ మెదడువాపు సాధారణంగా సి.డి.4 కణాలు 50 కంటే తగ్గినవారిలో వస్తుంది. దీనికి గాన్‌సిక్లోవిర్ వంటి మందులున్నాయి.

నిర్ధారణ, చికిత్స

2005లో రూపొందిన అంతర్జాతీయ హెచ్.ఐ.వి. డిమెన్షియా కొలమానానికి చదువు రానక్కరలేదు. నాలుగు మాటలు గుర్తుంచుకొని తిరిగి చెప్పడం, వేళ్ళను వేగంగా తట్టడం, చేతిని వరుసగా మూడు భంగిమలలో ఉంచడం ఇందులోని పరీక్షలు. మొత్తం 12 మార్కులకు 10 లేదా అంతకు తక్కువ వస్తే లోతైన పరీక్ష అవసరం. అపుడు హెపటైటిస్-సి, సిఫిలిస్, క్షయ, క్రిప్టోకోకస్, థైరాయిడ్, బి-12 లోపం, మానసిక కుంగుబాటు కూడా చూడాలి.

భారతదేశంలో హెచ్.ఐ.వి. మందులను ప్రభుత్వం 2004 నుండి ఉచితంగా ఇస్తున్నది. హెపటైటిస్-సికి ఉచిత చికిత్స 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద లభిస్తుంది. నోటి మాత్రలతో సాధారణంగా 12 వారాలలో, నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ నుండి విముక్తులవుతారు. రెండు రకాల మందులకూ పొత్తు కుదరని సందర్భాలున్నందున, రోగి తాను వాడే మందులన్నింటినీ వైద్యునికి చూపవలెను.