పట్నాల గొప్పలు ఉద్దానానికి ఎలా వచ్చాయి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని అక్కుపల్లికి సముద్రం నడిచి వెళ్ళేంత దగ్గర. పట్నం మాత్రం రైలెక్కితే గాని అందదు. సరుకులకు, సినిమాకు పలాస–కాశీబుగ్గ ఉంది కాని, పట్నమంటే ఇక్కడివాళ్ళ నోట విశాఖే. పలాస స్టేషన్ నుంచి అది సుమారు 200 కిలోమీటర్లు. నిజానికి ఒడిశా వైపు బరంపురం ఇంతకంటే చాలా దగ్గర. పట్టుచీరలకూ పెద్దాస్పత్రికీ వెళ్ళొస్తారు కూడా. అయినా ‘మా బరంపురం’ అని ఎవరూ అనరు. అది వెళ్ళొచ్చే ఊరు, ఉండొచ్చే ఊరు కాదు. చెమటోడ్చిన పట్నానికి తప్ప ‘మా’ అన్న మాట తగిలించరు ఇక్కడ.

సంక్రాంతికి ఈ తీరంలో ఏ ఊరి అరుగు దగ్గర ఆగినా పట్నాల తగువు వినిపిస్తుంది. “మెట్రో ఉందేటి మీ వైజాగుకి?” అని హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయినవాడు మొదలెడతాడు. “మెట్రో ఎందుకురా, సముద్రం ఉందేటి మీకు?” అని గాజువాకలో ఉండేవాడు అందుకుంటాడు. “మా ప్లాట్‌ఫారం ఈ సివర్నుంచి ఆ సివరికి నడిసేతలికి టీ సల్లారిపోద్దిరా” అని ఖరగ్‌పూర్‌లో రైల్వే చేసి రిటైరైన తాత ఇద్దరి నోరూ మూయిస్తాడు. సముద్రం కోసం వైజాగును పొగిడేవాడి వీపు వెనకే, సరుగుడు తోటలు దాటితే, శివసాగరం బీచ్ ఉంది. అదీ బంగాళాఖాతమే. దాన్నెవడూ పందెంలో పెట్టడు.

ఈ తగువుకో పుట్టుక ఉంది. నా లెక్కలో దీన్ని కనిపెట్టినవాడు మేస్త్రి.

రోడ్డూ రైలూ సరిగా లేని రోజుల్లో ఈ తీరానికి పెద్ద పట్నమంటే బర్మాలోని రంగూన్. మనవాళ్ళ నోట అది రంగం. 1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నం దాదాపు 41 వేల మంది ఉన్న రేవు ఊరు. రంగంలో అప్పటికే 2 లక్షల 34 వేల పైచిలుకు జనం. బియ్యం ఎగుమతిలో బర్మా ప్రపంచంలోనే ముందుండేది. మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి, రేవులో సరుకు దించడానికి, రిక్షా లాగడానికి మనుషులు కావాలి. ఆ మనుషుల్ని పోగుచేసి పంపేవాడు మేస్త్రి. ఊరికొచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టి, ఓడ టిక్కెట్టు కొని, ఆ బాకీని తర్వాత కూలిలో కోసుకునేవాడు. అలా కోసుకోవాలంటే ముందు మనిషి ఓడెక్కాలి. ఓడెక్కాలంటే ఆ పట్నం కళ్ళముందు మెరవాలి. బంగారు పూత పూసిన ష్వెడగాన్ పగోడా, గీత గీసినట్టు తిన్నగా పోయే వీధులు, వాటికి పేర్ల బదులు నంబర్లు, రోడ్డు మధ్య ట్రాములు. మేస్త్రి చెప్పినవి అబద్ధాలేమీ కావు. బస్తా బరువూ, ఒక్క గదిలో పదిమంది పడకా మాత్రం చెప్పేవాడు కాదు.

పట్నం గొప్ప మొదట కూలీలను పట్టే వల అన్నమాట. అది ఊరివాడి సొంత మాటగా మారింది తిరుగు ప్రయాణంలో. బారువ, కళింగపట్నం, గోపాలపూర్ రేవుల్లో దిగిన మనిషి తాను లాగిన రిక్షా గురించి అరుగు మీద ఎందుకు చెబుతాడు? మేస్త్రి చెప్పిన పగోడానే చెప్పాడు, ఈసారి కళ్ళారా చూసినవాడి ధీమాతో. విన్న కుర్రాళ్ళు మరుసటేడు ఓడెక్కారు. 1931 నాటికి రంగం జనాభాలో సగానికి పైగా భారతీయులే. అందులో తెలుగువాళ్ళ వాటా పెద్దది. అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదుగా. ఆ పిలుపులో గౌరవమేమీ లేదు.

1930 మేలో రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. ఓడల వాళ్ళు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలగానే వాళ్ళను పొమ్మన్నారు. దాంతో రేగిన అల్లర్లలో ఎంతోమంది తెలుగువాళ్ళు చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. మరుసటేడు లక్షలాది జనం అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన తిరిగొచ్చారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1960ల్లో వచ్చేశారు. విశాఖలోని బర్మా క్యాంపు వాళ్ళదే. బారువ రేవు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మూతపడింది. రంగం పోయింది గాని, పట్నం పేరు చెప్పి తలెత్తుకునే అలవాటు పోలేదు. దానికో కొత్త పట్నం కావాల్సి వచ్చింది, అంతే.

ఆ పట్నాన్ని అప్పటికే రైలు తెచ్చి పెట్టింది. 1890ల్లో తూర్పు తీరం పొడుగునా పట్టాలు పడ్డాయి. 1900 తర్వాత ఈ పై భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు పెట్టింది. అంతకు ముందు అదో చిన్న పల్లె. శ్రీకాకుళం వైపు నుంచి వందల కుటుంబాలు కదిలాయి. రంగం గొప్పకూ ఖరగ్‌పూర్ గొప్పకూ తేడా ఇక్కడ కనిపిస్తుంది. రైల్వేవాడికి క్వార్టరుంది, పాసుంది, పింఛనుంది. వాడు చెప్పే గొప్పకు టేపు పట్టి కొలిచే ఆధారం ఉంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు, చాలాకాలం ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని దాటింది. 2023లో హుబ్బళ్ళి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటింది. అరుగు మీది తాతకు ఈ వార్త తెలియక కాదు. ఆ ప్లాట్‌ఫారం మీద ముప్పై ఏళ్ళు డ్యూటీ చేసినవాడికి హుబ్బళ్ళి ఒక లెక్కా?

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు అక్కడి ప్రభుత్వంతో తమ లెక్క ఒప్పించుకున్నారు కూడా. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది.

విశాఖతో కథ మలుపు తిరుగుతుంది. 1933లో హార్బరు తెరిచారు. డాల్ఫిన్ నోస్ కొండ అలలకు అడ్డం నిలుస్తుంటే, దానికి తోడుగా రెండు పాత ఓడలను కావాలని ముంచి గోడ కట్టారు. 1948 మార్చిలో సింధియా యార్డులో ‘జల ఉష’ ఓడను నెహ్రూ నీళ్ళలోకి దింపాడు. 1951 లెక్కల్లో ఊరు లక్ష దాటింది. ఉద్దానం కూలీకి ఇది మొదటి సొంత భాష పట్నం. ఇక్కడ కోరంగీ అనేవాడు లేడు. కాకపోతే యాసను వెక్కిరించే కొత్తవాళ్ళు తగిలారు, అది వేరే కథ.

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా లేచింది. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఉక్కు ఫ్యాక్టరీకి ఒప్పుకుంది, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది, 1992లో పి.వి. నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. అంతవరకూ పట్నం గొప్పంటే అక్కడ ఉన్నదాన్ని పొగడటం. విశాఖతో అది హక్కు మాటైంది: మేము కొట్లాడి తెచ్చుకున్నది. అందుకే వైజాగు పక్షం వహించేవాడి గొంతు మిగతావాళ్ళ కంటే ఒక మెట్టు పైనుంటుంది. 2021లో స్టీలు ప్లాంటును అమ్ముతామన్న మాట ఢిల్లీ నుంచి వచ్చినప్పుడు, గాజువాకకు ఇంత దూరంలో ఉన్న ఉద్దానం ఊళ్ళల్లో కూడా సొంత భూమి పోతున్నట్టు మాట్లాడారు. నిజంగా భూములిచ్చింది అక్కడి ఊళ్ళవాళ్ళు. నిర్వాసితుల ‘ఆర్ కార్డు’ పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన కుటుంబాలు వాళ్ళవి. ఈ గొప్పల్లో వాళ్ళ మాట వినిపించడం అరుదు.

ఉద్దానం ఇళ్ళకు విశాఖతో ఇంకో ముడి ఉంది, సరదా లేనిది. కిడ్నీ జబ్బు. పరీక్షలకూ చికిత్సకూ విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి దాకా వెళ్ళి వార్డు వరండాల్లో రాత్రులు గడిపిన కుటుంబాలు ఈ మండలాల్లో కొల్లలు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో తాగునీరూ తెచ్చారు. ఆస్పత్రి కోసం వైజాగును పొగడాల్సిన అవసరం కొంత తగ్గింది.

హైదరాబాదుది మరో తమాషా. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్సో విశాఖ ఎక్స్‌ప్రెస్సో పలాసలో ఎక్కితే సికింద్రాబాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ముందురోజు దాకా ‘మన రాజధాని’ అయిన ఊరు పక్క రాష్ట్రానిదైంది, పదేళ్ళు ఉమ్మడి అన్నా సరే. అరుగు మీద మాట మాత్రం మారలేదు. మాదాపూర్‌లో స్లాబు వేసి వచ్చినవాడు ‘మా హైదరాబాద్’ అనే అన్నాడు, ఇప్పటికీ అంటున్నాడు. వాడు వేసిన స్లాబు ఏ రాష్ట్రంలో ఉందో వాడికి అనవసరం.

ఈమధ్య తగువుకు సర్కారు లెక్కలు తోడయ్యాయి. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యానికి పట్నాలను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేశారు. 50 లక్షలు దాటిన జనాభా ఉంటే ఎక్స్, 5 లక్షలు దాటితే వై. హైదరాబాదు ఎక్స్, విశాఖ, విజయవాడ వై. ఏడో వేతన సంఘం తర్వాత మూల వేతనం మీద 24, 16, 8 శాతాలతో మొదలైన భత్యం ఇప్పుడు 30, 20, 10కి వచ్చింది. పట్నం గొప్పతనం ఇంత కచ్చితంగా జీతం కాగితం మీద అచ్చయ్యాక వాదన ముగిసిపోవాలి. ముగియలేదు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్, భోపాల్ తర్వాత విశాఖ మూడోది. వైజాగు పక్షానికి ఆ మూడో ర్యాంకు ఇప్పటికీ ఆయుధం.

పట్నంలో ఈ మనిషే వేరే మాట మాట్లాడతాడు. ఊళ్ళో పట్నం గొప్ప, పట్నంలో ఊరి గొప్ప. హైదరాబాదు అడ్డా మీద కోనసీమవాడు కొబ్బరి మాటెత్తితే చాలు, ఉద్దానమే ఉత్తరాంధ్ర కోనసీమ అంటాడు. పనస, జీడిమామిడి తోటల నీడలో మిట్టమధ్యాహ్నం కూడా ఎండ తగలదంటాడు. స్వీటు షాపులో కాజూ బర్ఫీ చూస్తే “ఈ పప్పు మా పలాసదే” అంటాడు. అందులో సగం నిజం. పలాస మిల్లులకు ఇక్కడి జీడిపిక్క చాలదు, ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పించుకుంటారు. కాల్చడం, కొట్టడం, ఎండబెట్టడం, తొక్క తీయడం, ఏరడం మాత్రం ఇక్కడి చేతులే.

ఆ ఏరడం చూడాలి. బల్లచుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పప్పును కళ్ళతోనే తూచి కుప్పలు పోస్తారు. పౌను బరువుకు 180 లోపు తూగితే అది ‘180’, అన్నిటికన్నా పెద్ద పప్పు, పెద్ద ధర. తర్వాత 210, 240, 320. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. ఏ పట్నం పెద్దదని గంటలకొద్దీ కొట్లాడుకునే ఊళ్ళలో, ఇక్కడ ఏది పెద్దదో తేల్చడానికి క్షణం పట్టదు, ఎదురు చెప్పేవాళ్ళూ ఉండరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. కొబ్బరి, జీడి, పనస ఒక్క పూటలో నేలకొరిగాయి. పట్నంలో చెప్పుకోడానికి ఉద్దానంవాడికి ఉన్న గొప్ప మొత్తం అదే. కొబ్బరి నాటితే కాపుకు అయిదారేళ్ళు, జీడి నిండుగా కాయాలన్నా అంతకు తక్కువేం కాదు. ఆ ఏడు వలస బళ్ళు కిక్కిరిశాయి. నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను ఊడ్చినప్పుడు పట్నం కొన్ని వారాల్లో నిలబడింది. తుఫానుల్ని కూడా పోల్చుకున్నారు మరి: ఎవరి గాలి పెద్దది, ఎవరి కరెంటు ముందొచ్చింది. కరెంటు విషయంలో మాత్రం వైజాగే నెగ్గింది, తగువు లేకుండా.

ఎవరూ పందెంలో పెట్టని పట్నాలూ ఉన్నాయి. గుజరాత్‌లోని వెరావల్‌కు ఈ జిల్లా మత్స్యకారులు ఏటా వెళతారు. నెలల తరబడి పడవ మీదే బతుకు కాబట్టి వెరావల్ ఊరు వాళ్ళు చూసేది తక్కువ. 2018 నవంబరులో పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళారని పట్టుబడ్డ మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు మూలం ఆ కథే. కరాచీ రంగం కంటే, హైదరాబాదు కంటే పెద్ద పట్నం. వాళ్ళు చూసింది దాని గోడల్నే.

ఇప్పుడు తగువులోకి ఒక కొత్త పేరు వచ్చింది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న రేవుకు శంకుస్థాపన చేశారు. బ్రేక్‌వాటర్ రాళ్ళు మోసే లారీలు చూసొచ్చిన కుర్రాళ్ళు, ఇంక వైజాగూ వద్దు హైదరాబాదూ వద్దు, పట్నమే మన దగ్గరికొస్తోందని వాదిస్తున్నారు. పలాస పెద్దదవుతుందా, టెక్కలి పెద్దదవుతుందా అని రెండు పక్షాలు కూడా తయారయ్యాయి. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకడు తలెత్తకుండానే అడిగాడు: “ఆ పట్నం ఒచ్చినాక మా పడవలు యెక్కడ దింపుకోవాల్రా, అది సెప్పండి ముందు.” ఏ పక్షమూ జవాబు చెప్పలేదు. టెక్కలివాళ్ళు, పలాసవాళ్ళు మళ్ళీ మొదలెట్టారు.