కళ్లకన్నా ముందు చెవులే వెళ్లాయి

1881లో పారిస్ జనం ఒపేరా గడప తొక్కకుండానే ఒపేరాలో కూర్చున్నారని తెలిసి పొంగిపోయాను. ఆ ఏటి విద్యుత్ ప్రదర్శనకు క్లెమాన్ అడేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక అంచున మైకులు వరసగా పెట్టి, రెండు కిలోమీటర్లకు పైగా తీగలు లాగించాడు. వినేవాళ్లకు చెవికొక రిసీవరు. గాయని కుడి నుంచి ఎడమకు నడిస్తే గొంతూ ఆమెతోపాటే నడిచింది! జనం బారులు తీరారు. ఆ నవంబరులోనే విక్టర్ హ్యూగో మనవలను వెంటబెట్టుకుని తపాలా మంత్రి ఇంటికెళ్లి మరీ విన్నాడు. 1890లో ఇది థియేట్రోఫోన్ పేరుతో వ్యాపారమైంది. హోటల్లో నాణెం వేస్తే ఐదు నిమిషాల పాట. రచయిత ప్రూస్త్ 1911లో ఇంటికే పెట్టించుకున్నాడు. ఆ వ్యాపారం 1932లో మూతపడింది.

తర్వాతి కథ గబగబా నడిచింది. 1931లో ఇంజనీరు బ్లూమ్‌లైన్ స్టీరియో పేటెంటుకు దరఖాస్తు. 1933లో షికాగోలో చెవుల దగ్గర మైకులున్న ‘ఆస్కార్’ బొమ్మ. వర్చువల్ రియాలిటీకి తాత అనదగ్గ మోర్టన్ హైలిగ్ ‘సెన్సొరామా’ పేటెంటు 1962 నాటిది. పేరంతా దృశ్యానికే దక్కింది గానీ, మనిషిని ఇంకో చోటికి మొదట తీసుకెళ్లింది శబ్దమే.

పక్కనుంచి వచ్చే శబ్దం దూరపు చెవికి సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడాతోనే దిక్కు పట్టేస్తాం. వినాయక చవితి ముందు హైదరాబాద్‌లోని ధూల్‌పేట్ సందులో నిలబడితే, విగ్రహమెక్కిన లారీ మలుపు తిరగకముందే తీన్‌మార్ డప్పు ఎటునుంచో తెలిసిపోతుంది. తల తిప్పినా డప్పు తన చోటే ఉంటుంది. హెడ్‌సెట్‌లో డప్పు తలతోపాటు తిరిగిందా, భ్రమ అక్కడితో సరి.

ధూల్‌పేట్ నుంచి కార్వాన్ మీదుగా వెళ్తే గోల్కొండ. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బారాదరిలో వినిపిస్తాయి. బయటివాడి రాకను పసిగట్టే ఏర్పాటది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోట, లోపలివాడే తలుపు తీస్తే పడిపోయింది. ఆ కోటనేలిన కుతుబ్‌షాహీల గోడలు, సమాధులు, చిత్రాలు మిగిలాయి. దర్బారులో గొంతు ఎలా మోగేదో మాత్రం ఎవరూ దాచలేదు. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

దాచే విద్య ఇప్పుడుంది. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియాలో 2010లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బెలూన్లు పేల్చి ఆ ప్రతిధ్వనిని పట్టుకున్నారు. దాని ఆధారంగా పాత స్తోత్రాలను ఆ గుమ్మటం కింద పాడినట్టే వినిపించే ఆల్బమ్ 2019లో వచ్చింది. గోల్కొండ గైడు రోజూ కొట్టే చప్పట్లు చేయగలిగేదీ ఆ బెలూను పనే. జనం రాకముందు, గాలి లేని తెల్లవారుజామున, గుమ్మటం కింద ఒక మైకూ పైన బారాదరిలో రెండు చెవుల బొమ్మ తలా పెట్టి రికార్డు చేయాలి. ఆ పని గుమ్మటానికి ఇంకో మరమ్మతు జరగకముందే కావాలి; కొత్త పూత పడితే ఆ మోత మారిపోవచ్చు.