స్వరలిపికి అందని పాట

బనగానపల్లె ప్రాంతంలో తంబుర మీటుతూ వీరబ్రహ్మంగారి తత్త్వం పాడేవాణ్ణి మనం భక్తుడంటాం, బైరాగి అంటాం. సంగీతజ్ఞుడని మాత్రం అనం. యీ తేడా ఎక్కడినుంచి వచ్చింది? సంగీతచరిత్ర ఎవరి వ్రాతలో మిగిలిందో చూస్తే సమాధానం దొరుకుతుంది.

మధ్యయుగ ఐరోపాలో చదువూ, తోలుపత్రమూ, లేఖకుడూ ప్రధానంగా మఠాల చేతిలో వుండేవి. 11వ శతాబ్దంలో అరెజ్జో పట్టణంలో గైడో అనే సన్యాసి, గీతలమీద స్వరస్థానాలను గుర్తించే పద్ధతిని స్థిరపరచాడు. బాలగాయకులకు త్వరగా పాట నేర్పవలసిన అవసరం దానికి మూలం. అంతవరకు గురువు నోట వినవలసిన పాట, పత్రం చూచి పాడదగినదయింది. చర్చి గానం అట్లా భద్రమయింది. దక్షిణ ఫ్రాన్సు ఆస్థానాలలో వర్ధిల్లిన ట్రూబడూర్ కవుల పాటలు రమారమి 2,500 దొరికితే, వరుసతో సహా దక్కినవి పదోవంతు మాత్రమే. ప్రభువులు విన్న పాటకే యీ గతి పడితే, పొలంలో రైతు పాడిన పాట మాట చెప్పాలా?

మనకు స్వరం వ్రాయడం తెలియక కాదు. తమిళదేశంలోని కుడుమియామలై శాసనంలో 7, 8 శతాబ్దాలనాటికే స్వరాక్షరాలు రాతికెక్కాయి. అయినా మన విద్య గురుముఖాన్నే నమ్ముకున్నది. అహోబిలంలో శఠకోపయతి వద్ద శాస్త్రాభ్యాసం చేసినట్లు చెప్పే అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలు రాగిరేకులకెక్కాయి. రేకుమీద రాగం పేరున్నది, స్వరం లేదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు మళ్లీ వరుసలు కట్టవలసి వచ్చింది. ఆలయసంపద మాటను కాపాడింది గాని, వరుసను కాపాడలేదు.

వీరబ్రహ్మంగారికి ఆ సంపద కూడా లేదు. గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం చెప్పారని ఐతిహ్యం. ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల కులస్థుడు. తత్త్వానికి గుడి పోషణ లేదు, సభ లేదు. ఒకడు ఎత్తుకుంటే పదిమంది అందుకోవడమే దాని పాఠశాల. నోట నిలిచిన పాట మారుతుంది. కొత్త చరణాలు చేరుతాయి, ఏది మూలమో తేల్చడం కష్టమవుతుంది. అది నిజమే. కాని మారుతూ బ్రతకడం లోపం కాదు, జనం దాన్ని విడువలేదనడానికి సాక్ష్యం.

వ్రాతలో లేనిదాన్ని అసలే లేనిదిగా ఎంచితే, పెట్టెతాళాలు ఎవరి దగ్గరున్నవో వారి చరిత్రే అందరి చరిత్ర అవుతుంది. గైడోకు లేని యంత్రం మనకున్నది. పాడే గొంతును వరుసతో, గమకంతో సహా భద్రపరచవచ్చు. ముసలి గొంతులు మూగవోకముందే ఆ పని జరగాలి.