గాజీ తెచ్చిన మైన్లు

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామిని చూడకుండా తిరిగి రారు. మా ఎలమంచిలిలో పొద్దున్నే రైలెక్కితే పిల్లలకు అది చూపించి, ఇసకలో ఆడించి, రాత్రికి ఇల్లు చేరొచ్చు. 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన ఈ 91 మీటర్ల ఇనప తిమింగలాన్ని ఒడ్డుకు లాక్కొచ్చి, బాగుచేసి, 2002లో మ్యూజియంగా పెట్టారు. ఇందులో 22 టార్పెడోలు పట్టేవి. వాటి బదులు మైన్లూ నింపుకోవచ్చు. ఆ టార్పెడో గొట్టాల దగ్గర నుంచున్నప్పుడల్లా నాకు అక్కడికి ఎంతో దూరం లేకుండా సముద్రం అడుగున పడున్న గాజీ గుర్తొస్తుంది.

గాజీ అనగానే మీకు 2017 నాటి సినిమా తలపుకొస్తుంది. నీళ్ళ కింద రెండు జలాంతర్గాములు తరుముకోవడం సినిమాకి బావుంది గానీ, చరిత్రలో లేదు. 1944లో అమెరికావాళ్ళు నీళ్ళలోకి దింపిన ‘డయాబ్లో’యే ఈ గాజీ. 1964లో పాకిస్తాను చేతికొచ్చింది. తర్వాత టర్కీలో మరమ్మతు చేయించి, మైన్లు వేసే ఏర్పాటు పెట్టించారు. 1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరినప్పుడు దానికి రెండు పనులు: మన విక్రాంత్‌ను ముంచడం, విశాఖ రేవు ముందు మైన్లు పరచడం.

డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రేవులోకి వెళ్ళే దారి ఎంత ఇరుకో చూశారుగా! ఆ వాకిట్లో నాలుగు మైన్లు చాలు. మైనంటే మందు కూరిన ఇనప బుడ్డి. తీగతో అడుగునున్న బరువుకి కట్టి, పైకి కనబడకుండా నీళ్ళలో నిలబెడతారు. తగిలిన ఓడ ఎవరిదని అది అడగదు. వెయ్యడం సులువే, తియ్యడమే గండం. నేల మీదైతే, 1942లో ఎల్ అలమీన్ యుద్ధంలో బ్రిటిషువాళ్ళు టాంకు ముందు గొలుసులు తిప్పుతూ, కళ్ళంలో కంకులు బాదినట్టు నేలను బాది మందుపాతరలు పేల్చారు. సముద్రాన్ని బాదలేం కదా! ఓడ వెనకాల కోత తీగ ఈడ్చుకుపోయి మైను తీగ తెంపాలి, తేలాక కాల్చాలి. ఆ యుద్ధం తర్వాత చిట్టగాంగు రేవులో మైన్లూ మునిగిన ఓడలూ తియ్యడానికి సోవియట్ నావికులు 1972 నుంచి 1974 దాకా అవస్థ పడ్డారు. విశాఖకీ ఆ గతే పట్టేది.

విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు దాక్కుంది. అది ఇక్కడే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు వేసిన ఎత్తు మన ఆడవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఊళ్ళో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు బోలెడు ఆర్డరిచ్చారు. కూరల సంచీ బరువు చూసి, మనింటికి చుట్టాలొచ్చారని పక్కింటావిడ కనిపెట్టెయ్యదూ? పైగా రాజ్‌పుత్ అనే పాత ఓడ నుంచి, ఎవరో నావికుడు తల్లి ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు అందరికీ వినబడేలా వైర్‌లెస్ కబురు పంపించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ళ అద్దాలు అదిరాయి. జాలర్లు ఒక లైఫ్ జాకెట్టు తెచ్చి చూపించారు. నిస్తార్ అనే ఓడ సాయంతో డైవర్లు దిగి, పడున్నది గాజీయేనని తేల్చారు. అందులోని 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ మిగల్లేదు.

రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం మాట. అది తెచ్చుకున్న మైన్లే పేలాయని పాకిస్తాను మాట. లోపలే పేలిందన్న అధికారులు మనవాళ్ళలోనూ ఉన్నారు. ముందుభాగం బద్దలైన తీరు చూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది. పోనీ కాగితాలు చూద్దామంటే, అవి 1980లోనే నాశనమైపోయాయని 2010లో పత్రికలు రాశాయి. పాత పాలచీటీ కూడా పారెయ్యని మా అమ్మ ఈ మాట విని ముక్కున వేలేసుకుంది.

2024లో మన నౌకాదళం గాజీ ఉన్న చోటును మళ్ళీ గుర్తుపట్టింది. పోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని ముట్టుకోకుండా వదిలేసింది. పాత నిస్తార్ పేరే పెట్టి మన హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టిన కొత్త ఓడ 2025 జూలైలో విశాఖలోనే నౌకాదళంలో చేరింది. మునిగిన జలాంతర్గాముల్లోంచి మనుషుల్ని ప్రాణాలతో పైకి తేవడానికి సాయపడటం దాని పని.