రైలు వాహనాల్లో చిన్న మోటార్లు

మెట్రో, సబర్బన్ రైళ్లలో తలుపులు, ఏసీ బ్లోయర్లు, వైపర్లు పనిచేసేది ఎక్కువగా చిన్న విద్యుత్ మోటార్లతోనే. రైలును నడిపే ట్రాక్షన్ మోటార్ల ముందు ఇవి పిపీలికాలు. అయినా ఒక్క తలుపు మూసుకోకపోతే మెట్రో రైలు కదలదు.

వీటిలో చాలావాటికి కరెంటు బ్యాటరీ సరఫరా నుంచే వస్తుంది, దాని వోల్టేజి నిలకడగా ఉండదు. ఈఎన్ 50155 ప్రమాణం ప్రకారం 110 వోల్టుల పరికరం 77 నుంచి 137.5 వోల్టుల దాకా పనిచేయాలి. వోల్టేజి పడిపోయినప్పుడూ టార్క్ చాలాలి, పెరిగినప్పుడు వైండింగ్ కాలకూడదు.

అదురుకు ఐఈసీ 61373 పరీక్షలున్నాయి. పెట్టెకు, చక్రాల చట్రానికి, ఇరుసుకు బిగించే పరికరాలకు స్థాయిలు వేరు. ఇరుసుదే అతి కఠినం. విచిత్రంగా, తిరగకుండా ఆగి ఉన్న మోటారు బేరింగుకే అదురు ఎక్కువ చేటు చేస్తుంది: గుండ్లు ఒకేచోట రాపాడి గాడిలో సన్నని గుంటలు పడతాయి, తర్వాత మోత మొదలవుతుంది. అందుకే స్ప్రింగు వాషరుతో బేరింగుపై కొంత ఒత్తిడి ఉంచుతారు. వైండింగు తీగలు కదలకుండా వార్నిష్ లేదా రెసిన్ పట్టిస్తారు.

దుమ్ము, నీరు చొరకుండా ఐపీ65 స్థాయిలో మూస్తే లోపలి వేడి సులువుగా బయటికి పోదు. కనుక మోటారు కాస్త పెద్దదవుతుంది. కార్బన్ బ్రష్‌లు అరిగి పొడి రాల్చడంతో కొత్త డిజైన్లలో బ్రష్‌లెస్ మోటార్లకే మొగ్గు. అయితే వాటి కంట్రోలరు కూడా ఇవే పరీక్షలు నెగ్గాలి.