సంచలనానికి చిరునామా ఉన్న రోజులు

ఇద్దరు మహాపండితులు పత్రికల్లో ఎలా కీచులాడుకున్నారో చదివి తెగ నవ్వుకున్నాను. 1871లో చెన్నపట్నం నుంచి కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు ‘ఆంధ్రభాషా సంజీవని’ మొదలుపెట్టారు. 1874లో గోదావరి ఒడ్డు నుంచి కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘వివేకవర్ధని’ తెచ్చారు. స్త్రీ విద్య దగ్గర మాటా మాటా పెరిగింది. వివేకవర్ధనిని వెక్కిరించడానికి కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ అనే అనుబంధం వేశారు. వీరేశలింగం ఊరుకుంటారా? ‘హాస్యసంజీవని’తో బదులిచ్చారు. నీ పేరుతో నిన్నే ఎగతాళి!

టీవీ వచ్చి వార్తల్ని చెడగొట్టిందని వాపోయేవాళ్లకు ఈ ముచ్చట చెప్పాలనిపించింది. గిల్లికజ్జా, గుట్టు రట్టు, నలుగురి ముందూ పరువు తీయడం మన పత్రికలకు పుట్టుకతో వచ్చిన బుద్ధులు.

పత్రికలు లేని కాలంలోనూ ఈ రుచి ఉంది. 1757లో బొబ్బిలి కోట కూలింది. ఆ కథ పాటై ఊరూరా తిరిగింది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజును పొడిచే ఘట్టం వస్తుందంటే పల్లె పల్లె నిద్ర మానుకుని కూర్చునేది. నెత్తురు, పగ, పరువు: ఈ మూడూ ఉంటే చాలు, తంబూరా ఆగే పని లేదు.

నా మనసు మాత్రం మళ్లీ మళ్లీ వీరేశలింగం దగ్గరికే పోతుంది. పాఠ్యపుస్తకాల్లో ఆయన శాలువా కప్పుకున్న పెద్దమనిషి. అప్పటి రాజమండ్రిలో కొందరికి ఆయన పేరు వింటేనే గుండె దడ. వివేకవర్ధని మొదట చెన్నపట్నంలో అచ్చయ్యేది. తర్వాత రాజమండ్రిలోనే అచ్చుకూటం పెట్టుకున్నారు. ఇక కలానికి కళ్లెం లేదు. కోర్టుల్లో లంచాలు, ఉద్యోగుల అక్రమాలు, సంఘంలో పెద్దలనిపించుకుంటూ సానివాడలకు పోయేవాళ్లు, కాటికి కాళ్లు చాచి పసిపిల్లల్ని కట్టుకునే ముసలాళ్లు, ఎవర్నీ వదల్లేదు. నేరుగా రాస్తే సరిపోదనుకున్నప్పుడు ప్రహసనం రాసేవారు. ‘బ్రాహ్మవివాహము’ను జనం ‘పెద్దయ్యగారి పెళ్లి’ అన్నారు. ‘వ్యవహార ధర్మబోధిని’ని ‘ప్లీడరు నాటకం’ అన్నారు. 1880లో ఆ ప్లీడరు నాటకాన్ని రాజమండ్రిలో విద్యార్థులు ఆడారు. తొలిసారి రంగమెక్కిన ఆధునిక తెలుగు నాటకం అదేనని సాహిత్య చరిత్రలు చెబుతాయి. నాకు మాత్రం వేరే ఊహ వస్తుంది. ముందు వరసలో ఓ ప్లీడరుగారు కూర్చుని ఉంటారు. వెనక వరసల్లో ఆయన కక్షిదారులు పకపకా నవ్వుతుంటారు. ఇంతకన్నా సంచలనం ఏ ఛానెల్ ఇవ్వగలదు?

ఇక్కడే నాకు పట్టుబడిన సంగతి ఒకటుంది. రాసినవాడు, రాయించుకున్నవాడు, చదివి నవ్వినవాడు అదే ఊళ్లో తిరిగేవాళ్లు. కోపం వచ్చినవాడికి వీరేశలింగం ఇల్లు ఎక్కడో తెలుసు. ఆ సంగతి వీరేశలింగానికీ తెలుసు. కాబట్టి రాసిన ప్రతి మాటకూ గుమ్మంలో నిలబడి జవాబు చెప్పుకోవాలి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడూ ఆయన ఆ ఊరి మధ్యనే ఉన్నారు. వెలివేస్తామన్నా కదల్లేదు.

తర్వాతి ఏళ్లు గబగబా దాటేస్తాను. 1898లో న్యూయార్క్‌లో హర్‌స్ట్, పులిట్జర్ పత్రికలు హవానా రేవులో పేలిన అమెరికా యుద్ధనౌక మెయిన్ మీద పోటీపడి పతాక శీర్షికలు పెట్టాయి. 1944 నవంబరులో మద్రాసులో సినిమావాళ్ల గుట్టు అమ్ముకుని బతికిన తమిళ పత్రికాయన లక్ష్మీకాంతన్ కత్తిపోట్లకు చనిపోయాడు. ఎం.కె. త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్ జైలుపాలై 1947లో గానీ నిర్దోషులుగా బయటపడలేదు. మన తణుకులో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు ఈ సంచలనాల ఆకలినంతా నవలల్లోకి మళ్లించారు. వెయ్యి నవలలు రాశారని ప్రసిద్ధి. రైలెక్కేవాళ్లు ఓ కొవ్వలి నవల కొనుక్కుని దిగేలోపు పూర్తిచేసేవారు. కల్పన అని తెలిసి చదివిన సంచలనంతో ఎవరి కొంపా మునగలేదు. దాన్ని చవకబారు సాహిత్యమని చిన్నచూపు చూసినవాళ్లు ఇప్పటి బ్రేకింగ్ న్యూస్ చూస్తే కొవ్వలికి క్షమాపణ చెప్పుకునేవారేమో.

1974లో ‘ఈనాడు’ వచ్చింది. 1980ల చివర జిల్లా పేజీలు టాబ్లాయిడ్ సైజులో విడిగా రావడం మొదలైంది. లండన్‌లో టాబ్లాయిడ్ అంటే రాజకుటుంబం పడగ్గది. మా ఉంగుటూరులో టాబ్లాయిడ్ అంటే శివారు చేలకు కాలువ నీళ్లు రాలేదన్న వార్త, హైవే మీద లారీ బోల్తా, కొల్లేరు చేపల చెరువుల తగాదా. మండల విలేకరికి జీతం ఉండేది కాదు, అచ్చయిన వార్త కొలతను బట్టే డబ్బు. రంగు పులమాలన్న ఆశ అతనికీ ఉండేది. కానీ పొద్దున్నే టీకొట్టు దగ్గర ‘ఏవయ్యా, ఏం రాశావు?’ అని నిలదీసేవాళ్లు ఉండేవారు. రాజమండ్రి గుమ్మం అంతో ఇంతో అక్కడ మిగిలింది.

2004లో టీవీ9తో ఇరవై నాలుగు గంటల వార్తల హోరు మొదలయ్యాక ఆ గుమ్మమూ పోయింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలి చనిపోయారు. నాలుగు నెలలకు, 2010 జనవరిలో, ఆ ప్రమాదం వెనక రిలయన్స్ హస్తం ఉందంటూ మాస్కోలో పుట్టిన ఓ పత్రిక వెబ్‌సైట్ అల్లిన కుట్ర కథను టీవీ5 ప్రసారం చేసింది. గంటల్లో రాష్ట్రంలో చాలాచోట్ల రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగాయి. కథ చిరునామా ఎక్కడిదో, పగిలిన అద్దాలు మాత్రం మన వీధివి.

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోసాగారు. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తెర మీద ‘మిస్టరీ’, ‘వింత వ్యాధి’. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ జాడలు కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చని ఆ తర్వాత నిపుణులు చెప్పారు. మరుసటి నెలలో పూళ్ల గ్రామంలోనూ అలాంటి కేసులే వచ్చాయి. ఉంగుటూరుకూ పూళ్లకూ మధ్య ఉన్నవి చేబ్రోలు, కైకరం ఊళ్లు, అంతే. ఇప్పుడు ఇక్కడ ఎవర్నైనా అడగండి. ‘వింత వ్యాధి’ అందరికీ గుర్తే. పురుగుమందు సంగతి చెప్పేవాళ్లు తక్కువ. మనం తినే కూర మీద, తాగే నీళ్ల మీద నిత్యం ఉన్న ప్రమాదం అది. అందుకే అందులో మనకు వింతేమీ కనపడలేదు.

తప్పంతా ఛానెళ్ల మీదికి తోసేయను. ఏలూరులో జనం పడిపోయిన ఆ వారమంతా రిమోట్ మన చేతిలోనే ఉంది. వీరేశలింగానిదీ సంచలనమే. కానీ ఆయన రెచ్చగొట్టి ఊరుకోలేదు, లంచం మాట ఎత్తితే తేలేదాకా వెంటపడ్డారు. నా కోరిక ఒక్కటే. ‘మిస్టరీ’ అని ఎంత పెద్ద అక్షరాలతో వేశారో జవాబూ అంత పెద్ద అక్షరాలతో వేయాలి. అలా వేసిన రోజున దాన్ని చూసేవాళ్లు లేకపోతే, ఆ పైన నిందించాల్సింది మనల్నే.